కామన్ రూమ్

కామన్ రూమ్ అనగా ఒక కళాశాలలో గాని, విద్యార్థి వసతి గృహంలో గాని, అపార్టుమెంటు సముదాయంలో గాని అక్కడి వారందరూ కలిసి కూర్చోవడానికి కేటాయించిన గది. దీనిని తెలుగులో ఉమ్మడి గది అనవచ్చును గాని వాడుకలో కామన్ రూమ్ అన్న మాటే స్థిరపడింది. ఇది ఎవరి సొంత గదీ కాదు, అలాగని వీధివలె అందరికీ తెరచి ఉండేదీ కాదు. తరగతి గదికి, భోజనశాలకు, పడక గదికి ఒక్కొక్క నిర్ణీతమైన పని ఉంటుంది. కామన్ రూమ్‌కు అటువంటి పని ఏదీ లేదు. పత్రికలు చదవడం, క్యారమ్స్ ఆడటం, టీవీ చూడటం, వాదించుకోవడం, ఊరకే కూర్చోవడం ఇవన్నీ అక్కడ జరుగుతాయి.

ఈ గదిని ఉమ్మడి గది అన్నప్పుడు ఆ ఉమ్మడిలో ఎవరు చేరతారు, ఎవరు చేరరు అన్నది దాదాపు ప్రతి కాలంలోనూ వివాదాస్పదమైన విషయమే. అందువలన కామన్ రూమ్ చరిత్రలో కుర్చీలు, బల్లల కంటే ప్రవేశార్హతకు సంబంధించిన సంగతులే ఎక్కువగా కనిపిస్తాయి.

పేరు

ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల గదిని సీనియర్ కామన్ రూమ్ అని, పట్టభద్రులు కాని విద్యార్థుల గదిని జూనియర్ కామన్ రూమ్ అని అంటారు. కేంబ్రిడ్జిలో అనేక కళాశాలలు ఇదే గదిని కాంబినేషన్ రూమ్ అని పిలుస్తాయి. ఈ రెండు చోట్లా ఆ పేరు గదికే కాక ఆ గదిలో సభ్యత్వం గల మనుషుల సంఘానికి కూడా వర్తిస్తుంది. "జూనియర్ కామన్ రూమ్ తీర్మానించింది" అంటే విద్యార్థుల సంఘం తీర్మానించింది అని అర్థం. అమెరికాలో లౌంజ్ అన్న మాట ఎక్కువ.

మన వైపు దీనికి ఒకే పేరు లేదు. హాస్టళ్ళలో కామన్ రూమ్ లేదా టీవీ రూమ్, కళాశాలల్లో ఆడపిల్లలకు లేడీస్ వెయిటింగ్ రూమ్, అపార్టుమెంట్లలో క్లబ్ హౌస్ లేదా కమ్యూనిటీ హాల్ అంటారు. కొందరు దీనిని పల్లెటూరి రచ్చబండతో పోలుస్తారు. ఈ పోలిక కొంతవరకే సరిపోతుంది. రచ్చబండ ఆరుబయట చెట్టు క్రింద ఉంటుంది, తాళం ఉండదు. కాని తాళం లేనంత మాత్రాన రచ్చబండ అందరిదీ కాలేదు. దానిపై కూర్చొనే అర్హత కులాన్ని బట్టి, వయస్సును బట్టి ఉండేది. దళితులు దూరంగా నిలబడి మాట్లాడవలసి వచ్చేది, స్త్రీలు అక్కడ కూర్చోవడం అరుదు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి

మధ్యయుగపు ఆంగ్ల కళాశాలల్లో అందరూ కలిసే చోటు భోజనశాల ఒక్కటే. అక్కడ కూడా తిన్న తరువాత కూర్చోనిచ్చేవారు కాదు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీని 1379లో స్థాపించిన విలియం ఆఫ్ వైకమ్ తన నిబంధనలలో భోజనం ముగియగానే లేచి పోవలెనని వ్రాశాడు. పండుగ దినాలలో, చలికాలంలో మంట వేసినప్పుడు మాత్రం కొంతసేపు ఉండి పాటలు పాడుకోవడానికి, కావ్యాలు, రాజుల చరిత్రలు చదువుకోవడానికి అనుమతి ఇచ్చాడు. అంటే తీరిక కూడా అనుమతి మీద లభించేదన్న మాట. ఆ అనుమతికి కారణం మంట అన్నది గమనించదగ్గది. చలిదేశంలో వెచ్చగా ఉన్న గది ఏదైతే అదే జనం చేరే గది అవుతుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి సీనియర్ కామన్ రూమ్‌ను 1661లో మెర్టన్ కళాశాల అధ్యాపకులు ఏర్పరచుకున్నారు. అంతకు పది సంవత్సరాల క్రితమే ఆ ఊరిలో కాఫీ దుకాణాలు వెలిశాయి. సాయంకాలం మాట్లాడుకోవాలంటే కాఫీ దుకాణానికో, సారాయి అంగడికో పోవలసిన అధ్యాపకులకు కళాశాల గోడల లోపలే ఒక గది, ఒక నిప్పుగూడు దొరికాయి. తరువాతి కాలంలో మిగిలిన కళాశాలలు కూడా మెర్టన్‌ను అనుసరించాయి.

ఈ గదికి అంత ప్రాముఖ్యం రావడానికి మరొక కారణం ఉంది. అప్పటి ఫెలోలు, అనగా కళాశాల సభ్యులైన అధ్యాపకులు, వివాహం చేసుకోరాదు. పెళ్ళి చేసుకుంటే పదవి పోయేది. కుటుంబం లేని ఈ పండితులకు కామన్ రూమే ఇల్లు. పందెములు వ్రాసుకొనే పుస్తకాలు, సొంత ద్రాక్షసారా నేలమాళిగలు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న పట్టింపులు అన్నీ ఈ బ్రహ్మచారుల కాపురం నుండి పుట్టినవే. న్యూ కాలేజీ కామన్ రూమ్‌లో అర్ధచంద్రాకారంగా వేసిన కుర్చీల రెండు కొనల మధ్య నిప్పుగూడు అడ్డం రావడంతో, సీసాను ఒక కొన నుండి మరొక కొనకు పంపడానికి తాడు, కప్పీతో ఒక చిన్న "రైలు" అమర్చారు. విశ్వవిద్యాలయ చట్టం 1877లో వచ్చిన తరువాత, 1880ల ఆరంభంలో అమలైన కొత్త నిబంధనల వలన వివాహ నిషేధం చాలావరకు తొలగింది. ఫెలోలు సాయంత్రం ఇంటికి పోవడం మొదలుపెట్టారు.

ఆలిస్ కథల రచయిత లూయీ కెరోల్, అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, 1882 నుండి 1892 వరకు క్రైస్ట్ చర్చ్ కళాశాల కామన్ రూమ్‌కు క్యూరేటరుగా పనిచేశాడు. ఉద్యోగం పేరు ఘనంగా ఉన్నా పని మాత్రం ద్రాక్షసారా నిల్వలు లెక్కించడం, బొగ్గు, పత్రికలు, తేనీరు సమకూర్చడం, అందరి ఫిర్యాదులు వినడం. గణిత అధ్యాపకుడైన ఆయన ఆ లెక్కలను ఎంతో శ్రద్ధగా వ్రాసి, 1884లో ఆ అనుభవం మీద ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు. అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన వారికి ఆయన కష్టం సులభంగా అర్థమవుతుంది.

తెలుగువారితో ఈ గదులకు కొంత సంబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాల విద్యార్థి. 1906లో కేంబ్రిడ్జి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. 1815లో మొదలైన ఆ సంఘం విద్యార్థుల చర్చావేదికగా ప్రసిద్ధి చెందినా, సొంత భవనము, పఠనమందిరము గల విద్యార్థుల విశ్రాంతి స్థలం కూడాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన తరువాత ఆ పదవి చేపట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుండి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు, ఆల్ సోల్స్ కళాశాల ఫెలో.

స్త్రీలు

ఆక్స్‌ఫర్డ్‌లో స్త్రీల కోసం 1879లో సోమర్‌విల్, లేడీ మార్గరెట్ హాల్ ప్రారంభమయ్యాయి. పురుషుల కళాశాలల్లో వారికి ప్రవేశం లేదు కనుక తమ కామన్ రూమ్‌లను తామే ఏర్పరచుకున్నారు. భారతదేశం నుండి వెళ్ళిన కొర్నీలియా సొరాబ్జీ 1889లో సోమర్‌విల్‌లో చేరి 1892లో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసింది. అయితే స్త్రీలకు పట్టాలు ఇవ్వడం 1920లో మొదలైన తరువాతనే ఆమెకు పట్టా దక్కింది. పురుషుల కళాశాలల్లో ఐదు 1974లో విద్యార్థినులను చేర్చుకున్నాయి, ఓరియల్ కళాశాల 1985 దాకా ఆగింది. కేంబ్రిడ్జిలో ఈ మార్పు 1972లో మొదలైంది. పరీక్ష, పట్టా, గది ఈ మూడింటిలో గది తలుపే అన్నిటికన్నా ఆలస్యంగా తెరచుకోవడం వింతగా తోస్తుంది గాని, ఇతర దేశాలలో కూడా ఇదే వరుస కనిపిస్తుంది.

విద్యార్థుల గదులు

పరిశోధక విద్యార్థులు పెరిగిన కొద్దీ వారు అటు అధ్యాపకులలోనూ, ఇటు చిన్న విద్యార్థులలోనూ కలవలేకపోయారు. వారి కోసం మిడిల్ కామన్ రూమ్ అన్న మూడవ గది 1958లో ఆక్స్‌ఫర్డ్ లింకన్ కళాశాలలో మొదటిసారి ఏర్పడింది. అమెరికాలో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ విరాళంతో హార్వర్డ్‌లో 1930లో హౌసులు, యేల్‌లో 1933లో రెసిడెన్షియల్ కాలేజీలు తెరచినప్పుడు కామన్ రూమ్‌ను కూడా ఆంగ్ల నమూనాలోనే కట్టారు. తరువాత వచ్చిన పెద్ద డార్మిటరీలలో ఒక్కొక్క అంతస్తుకు ఒక లౌంజ్, దాని ప్రక్కనే వంటగది ఉంచడం వాడుకైంది.

తెలుగు ప్రాంతపు హాస్టళ్ళు, కళాశాలలు

మన ప్రాంతంలో ఆధునిక విద్యార్థి వసతి గృహాలలో కొన్ని ప్రసిద్ధమైనవి కులసంఘాల పేరిట వెలిశాయి. 1918లో హైదరాబాదులో స్థాపించిన రెడ్డి హాస్టల్ వీటిలో ఒకటి. సురవరం ప్రతాపరెడ్డి అక్కడ పనిచేసిన కాలంలో దాని గ్రంథాలయాన్ని వృద్ధి చేశాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు పుస్తకాలు, పత్రికలు దొరకడమే కష్టమైన రోజులవి. అటువంటి కాలంలో హాస్టల్ పఠనమందిరం ఎందరికో బయటి ప్రపంచపు కిటికీ అయింది.

హాస్టల్‌లో ఉమ్మడి గదిని దేనికి వాడుకోవాలన్న ప్రశ్న పెద్ద ఉద్యమంగా మారిన సందర్భం 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడి హాస్టల్ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరం పాడారు. అధికారులు దానిని నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు, ఇతర కళాశాలలకూ సమ్మె ప్రాకింది. వందలాది విద్యార్థులను బహిష్కరించగా, వారిలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు ఈ విధంగా నాగపూరుకు వెళ్ళినవారిలో ఒకడు. గది ఇచ్చినవారు అందులో పాడే పాటను కూడా నిర్ణయించవచ్చునా అన్నదే అక్కడి తగాదా. కులసంఘాలు, విశ్వవిద్యాలయాలు నడిపినవి గాక స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళు వేల సంఖ్యలో వచ్చాయి. అయితే వాటిలో చాలాచోట్ల పడుకొనే హాలు, చదివే హాలు, తినే హాలు ఒకటే కావడం వలన విడిగా కామన్ రూమ్ అన్న మాటకు అర్థం ఉండేది కాదు.

సహవిద్య గల కళాశాలల్లో లేడీస్ వెయిటింగ్ రూమ్‌ది ఒక ప్రత్యేక చరిత్ర. ఇరవయ్యవ శతాబ్దం మధ్య కాలంలో చాలా కళాశాలల్లో విద్యార్థినులు తరగతికి తరగతికి మధ్య ఈ గదిలోనే ఉండాలి. అధ్యాపకుడు తరగతికి బయలుదేరినప్పుడు ఆయన వెనుకనే వరుసగా వెళ్ళి ముందు బెంచీలలో కూర్చొని, పాఠం ముగియగానే మళ్ళీ ఆయన వెంటనే బయటకు వచ్చి ఆ గదిలో చేరేవారు. మధ్యాహ్నం క్యారియరు విప్పి తినడమూ అక్కడే. ఆ గదికి తరచు ఒక కర్టెను, ఒక అద్దము, ఒక మంచినీళ్ళ కుండ ఉండేవి. వరండాలో నిలబడి మాట్లాడుకొనే వీలు మగపిల్లలకే ఉండేది. దీనిని నిర్బంధం అనాలా, రక్షణ అనాలా అన్నది ఒక్క మాటలో తేలదు. మగవారి చూపులు లేని ఆ గదిలో పుస్తకాలు చేతులు మారాయి, నాటకాలకు సాధన జరిగింది, ఇంట్లో చెప్పుకోలేని సంగతులు చెప్పుకొన్నారు. ఈనాటికీ కళాశాలలను మదింపు చేసే న్యాక్ సంస్థ, స్త్రీల సౌకర్యాలలో భాగంగా కామన్ రూమ్ ఉన్నదా అని అడుగుతుంది. గది ఉన్నా దానికి తాళం వేసి ఉంచితే, లేదా పరీక్షల సామాగ్రి నింపి గోదాముగా వాడితే ఆ ప్రశ్నకు కాగితం మీద సమాధానం దొరికినా ప్రయోజనం లేదు.

హాస్టళ్ళలో రాత్రి వేళ ఆంక్షల విషయంలో కూడా ఇటువంటి భేదమే ఉంది. మగపిల్లల హాస్టల్‌లో కామన్ రూమ్ అర్ధరాత్రి దాకా తెరచి ఉండగా ఆడపిల్లల హాస్టల్‌లో ముందే మూయడం సాధారణం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నియమించిన కార్యదళం 2013లో "సక్షమ్" అనే నివేదికలో, భద్రత పేరిట విద్యార్థినుల మీద వివక్షతో కూడిన నియమాలు పెట్టరాదని స్పష్టం చేసింది. ఢిల్లీలో 2015లో మొదలైన పింజ్‌డా తోడ్ ఉద్యమం ఇదే విషయం మీద నడిచింది.

టీవీ వచ్చిన తరువాత హాస్టల్ కామన్ రూమ్ స్వభావం మారింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1987లో రామాయణం ధారావాహిక మొదలైన తరువాత ఆదివారం ఉదయం కామన్ రూమ్‌లో కుర్చీ దొరకడమే కష్టం. క్రికెట్ పోటీలు, ఎన్నికల ఫలితాల రాత్రులు, శుక్రవారం చిత్రలహరి ఇవన్నీ ఒక తరం విద్యార్థులకు సామూహిక జ్ఞాపకాలు. ఏ ఛానలు పెట్టాలన్న తగాదా కేబుల్ వచ్చాక పుట్టింది. సెల్‌ఫోనులో ఎవరి తెర వారికి వచ్చాక ఆ తగాదా దానంతట అదే పోయింది, గది కూడా చాలాచోట్ల ఖాళీ అయింది.

ఈ గదులకు ఒక చీకటి కోణం కూడా ఉంది. కొత్త విద్యార్థులను నిలబెట్టి వేధించే ర్యాగింగ్ తరచు రాత్రిపూట కామన్ రూమ్‌లలోనే జరిగేది, ఎందుకంటే పెద్ద విద్యార్థులందరూ ఒకేచోట ఉండేది అక్కడే. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ వర్తించే నిబంధనలు తెచ్చింది.

గది నిండటం, ఖాళీగా ఉండటం

ఎంతో ఖర్చు పెట్టి కట్టిన లౌంజ్‌లు ఖాళీగా ఉండటం, మెట్ల క్రింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్న చోట జనం చేరడం అందరూ చూసేదే. దీనికి కారణాలను కొందరు శాస్త్రీయంగా పరిశీలించారు.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో వివాహిత విద్యార్థుల కోసం కట్టిన నివాసాలలో లియాన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బాక్ చేసిన అధ్యయనం 1950లో వెలువడింది. ఒక్కొక్క అంతస్తుకు ఐదు ఇళ్ళు గల భవనాలలో, ప్రక్క ఇంటివారిని దగ్గరి స్నేహితులుగా పేర్కొన్నవారు 41 శాతం. ఒక ఇల్లు దాటి ఉన్నవారి విషయంలో ఇది 22 శాతానికి, వరుసలో రెండు చివరల ఉన్నవారి విషయంలో 10 శాతానికి తగ్గింది. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్నవారికి పై అంతస్తువారితో కూడా స్నేహాలు ఎక్కువ. అంటే మనుషులను కలిపేది ప్రత్యేకంగా కలవమని కేటాయించిన చోటు కన్నా రోజూ నడిచే దారి. దారిలో లేని గదికి ఎవరూ పనిగట్టుకొని పోరు.

కుర్చీలు వేసే తీరు కూడా ముఖ్యం. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో వృద్ధ స్త్రీల ఆసుపత్రి వార్డులో కొత్త కుర్చీలు కొని, రంగులు వేసినా రోగులు మాట్లాడుకోవడం లేదని గమనించారు. అక్కడ కుర్చీలన్నీ గోడల వెంబడి వరుసగా ఉండేవి. రాబర్ట్ సోమర్, హ్యూ రాస్ వాటిని చిన్న బల్లల చుట్టూ వేయించగా కొన్ని వారాలలో సంభాషణలు దాదాపు రెట్టింపు అయ్యాయని 1958లో ప్రకటించారు. మొదట్లో రోగులు, నర్సులు కుర్చీలను తిరిగి గోడ దగ్గరికే జరిపేవారట. మన హాస్టళ్ళలో, క్లబ్ హౌసులలో సోఫాలను గోడలకు ఆనించి మధ్య ఖాళీ వదలడం సర్వసాధారణం. ఊడ్చడానికి అది అనుకూలమే కాని మాట్లాడుకోవడానికి కాదు.

నివాస సముదాయాలలో

డెన్మార్కులో 1972లో ఏర్పడిన సెట్టెడామెన్, 27 కుటుంబాలు కలిసి కట్టుకొన్న కోహౌసింగ్ సముదాయం. ఎవరి ఇల్లు వారిదే. కాని అందరికీ ఒక ఉమ్మడి ఇల్లు ఉండి, అక్కడ కలిసి వండుకొని తింటారు. అమెరికాలో ఇటువంటి మొదటి సముదాయం 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో వచ్చింది. వీటిలో ఉమ్మడి ఇంటిని వాహనాలు నిలిపే చోటుకు, ఇళ్ళకు మధ్య కడతారు. ఇంటికి వచ్చేవారు దాని ముందు నుండే నడవవలసి ఉంటుంది. సింగపూరు ప్రభుత్వ గృహ సముదాయాలలో 1970ల నుండి భవనం క్రింది అంతస్తును గోడలు లేకుండా వదిలివేశారు. మలయా వారి పెళ్ళిళ్ళు, చీనీయుల అంత్యక్రియలు రెండూ ఆ నీడలోనే జరుగుతాయి.

భారతదేశంలో స్థిరాస్తి నియంత్రణ చట్టం, 2016 ప్రకారం సముదాయంలోని ఉమ్మడి సౌకర్యాలు ఉమ్మడి స్థలం క్రిందకు వస్తాయి. 17వ విభాగం ప్రకారం బిల్డరు ఉమ్మడి స్థలంపై అవిభాజ్యమైన హక్కును కొనుగోలుదారుల సంఘానికి వ్రాసి ఇవ్వాలి. ఎక్కువమంది కొనుగోలుదారులు ఫ్లాట్లు బుక్ చేసుకొన్న మూడు నెలలలోగా సంఘం ఏర్పడేటట్లు చూడవలసిన బాధ్యత కూడా బిల్డరుదే. ఆచరణలో క్లబ్ హౌస్ విషయంలోనే గొడవలు ఎక్కువ. దాన్ని విడిగా తన పేర ఉంచుకోవడం, సభ్యత్వ రుసుము వసూలు చేయడం, బయటివారికి అద్దెకు ఇవ్వడం వంటి సందర్భాలలో కొనుగోలుదారులు ప్రకటన పత్రం, మంజూరైన ప్లాను దాచి ఉంచుకొంటే అవి పనికివస్తాయి.

హక్కు సంఘానికి వచ్చిన తరువాత లోపలి వివాదాలు మొదలవుతాయి. అద్దెకుండేవారికి క్లబ్ హౌస్‌లో ఓటు లేకపోయినా వాడుక ఉన్నదా, పెళ్ళికాని యువకులు రాత్రి టేబుల్ టెన్నిస్ ఆడవచ్చునా, పిల్లల పుట్టినరోజుకు ఎంత అద్దె వంటివి ప్రతి సర్వసభ్య సమావేశంలో వచ్చే అంశాలు. సమావేశంలో ఎప్పుడూ రానిది పనివారి సంగతి. నాలుగైదు ఇళ్ళలో పనిచేసే స్త్రీకి ఒక ఇంటి పని ముగిసి మరొక ఇంటి పని మొదలయ్యే వరకు కూర్చోవడానికి చాలా సముదాయాలలో చోటు లేదు. లాబీలోని సోఫా మీద కూర్చోరాదని నియమం ఉంటుంది. కావలివాడికి, డ్రైవరుకు కూడా ఇదే పరిస్థితి. వారు మెట్ల మీదనో, సెల్లారులో కార్ల మధ్యనో కూర్చుంటారు. ఒక గదికి ఫ్యాను, మంచినీరు, మరుగుదొడ్డి ఏర్పాటు చేసిన సంఘాలు లేకపోలేదు గాని అవి తక్కువ.

కోవిడ్ కాలంలో 2020 మార్చి నుండి ఈ గదులన్నీ మూతపడ్డాయి. ఆ సంవత్సరం జూలైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ, గేటెడ్ సముదాయాలు తమ కమ్యూనిటీ హాలులో గాని ఖాళీ ఫ్లాట్లలో గాని చిన్న సంరక్షణ కేంద్రాలు నడుపుకోవడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. మంచాల మధ్య దూరం, గాలి వచ్చే కిటికీలు, విడి ద్వారం ఉండాలని అందులో పేర్కొన్నారు. క్యారమ్ బల్లలు తీసివేసి మంచాలు వేయవలసి వచ్చినప్పుడు, కిటికీలు తెరచుకోని ఏసీ హాళ్ళు కట్టుకొన్నవారికి ఇబ్బంది ఎదురైంది.

ప్రవాస తెలుగువారికి అమెరికాలో అపార్టుమెంటు క్లబ్ హౌసే తరచు తొలి వేదిక. ఉగాది పచ్చడి, బతుకమ్మ, పిల్లల అన్నప్రాశన, వారాంతపు తెలుగు బడి వంటివి అక్కడ జరుగుతాయి. చాలాచోట్ల రాత్రి పదింటికి గది ఖాళీ చేయాలని, గోడలకు అంటించరాదని, దీపం వెలిగించరాదని ఒప్పందంలో ఉంటుంది. అందువలన సత్యనారాయణ వ్రతం చేసేవారు బ్యాటరీ దీపాలు పెట్టుకోవడమూ, ముందుగానే మేనేజరుతో మాట్లాడుకోవడమూ కద్దు.